సిద్రా కోసం జాగారం

“ఎవరు పోయారు, ఆతె?”

అల్లం గంజి గిన్నెతో గదిలోకి వస్తున్న తోయాంగ్ గుమ్మంలోనే ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత ఏమీ విననట్టు వచ్చి, చెల్లెలి మంచం పక్కన స్టూలు మీద గిన్నె పెట్టింది.

“ఎవరూ పోలేదు. చల్లారకముందే తాగు.”

“వంతెన అవతల వీధిలో మూడు రాత్రుల నుంచీ కుర్చీలు ఈడుస్తున్నారు.”

“ఎవరిదో పుట్టినరోజు.”

“మూడు రాత్రులా? ఇంకా పుడుతూనే ఉన్నాడా వాడు?”

తోయాంగ్‌కి నవ్వు రాలేదు. చెంచా తీసుకుని గంజి కలుపుతూ కూర్చుంది. కలపడానికి అందులో ఏమీ లేదు.

మెనింగ్ తన ఆతె, అంటే అక్క, ముఖాన్నే చూస్తూ పడుకుంది. ఆమె వెన్నుకు పెద్ద కోత పడి రెండు నెలలు కావస్తోంది. జారిపోయిన పూసలను కడ్డీలతో, మరలతో కలిపి బిగించారు. “పాత ఇనుము కొనేవాడు మన వీధిలోకొస్తే నన్ను దాచెయ్, ఆతె,” అని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అక్కను నవ్వించింది. నడవచ్చు, నడవాలి కూడా. వంగకూడదు, బరువెత్తకూడదు, నడుం మెలితిప్పకూడదు. లేచి నిలబడాలంటే నడుముకు గట్టి పట్టీ బిగించుకోవాలి. ఇవన్నీ మెనింగ్ ఒప్పుకుంది. ఒప్పుకోలేకపోయింది ఒక్క నిద్ర విషయంలోనే.

కోత మానింది గానీ కంటి మీదకి కునుకు రాలేదు. వెల్లకిలా పడుకుంటే మరలున్న చోట సలుపు. పక్కకు ఒత్తిగిలితే తొడ నుంచి మడమ దాకా ఎవరో నిప్పుతీగ లాగినట్టు మంట. ఒత్తిగిలడం కూడా తేలిగ్గా అయ్యే పని కాదు, దుంగను దొర్లించినట్టు ఒళ్ళంతా ఒకేసారి దొర్లాలి. మాత్రలు మింగినన్నాళ్ళూ మత్తుగా ఉండేది గానీ దాన్ని నిద్ర అనలేం, తల మీద తడిగోనె కప్పినట్టుండేది. డాక్టరమ్మ వాటిని మెల్లగా తగ్గిస్తూ ఆపేసింది. “నరాలు సర్దుకోవాలి, కొన్నాళ్ళు ఇంతే,” అంది. ఆ తర్వాత ఇరుగుపొరుగు వైద్యాలు మొదలయ్యాయి. ఒకామె పడుకునే ముందు వేడిపాలు తాగమంది. ఇంకొకామె దిండు కింద కమ్మటి వాసనొచ్చే పాందాన్ ఆకులు పెట్టింది. చర్చి పక్కింటామె తన జపమాల తెచ్చిచ్చింది. మెనింగ్ ఎవరినీ కాదనలేదు. పాలు తాగి, ఆకుల వాసన పీలుస్తూ, జపమాల చివరి పూస దాకా తిప్పి, తెల్లారేదాకా పైకప్పు రేకులు చూస్తూ పడుకుంది.

మొదట్లో నిద్రను బతిమాలింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. “రాకపోతే మానెయ్. నీ కాళ్ళ మీద పడతాననుకున్నావా? నాకు వంగడం నిషేధం,” అంది ఒక రాత్రి చీకట్లోకి చూస్తూ. ఆ మాట అన్నాక కాస్త ధైర్యం వచ్చింది. ఆ రోజు నుంచి రాత్రికి దాసోహం అనలేదు. లేచి పట్టీ బిగించుకుని, నడక చట్రం పట్టుకుని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా, మళ్ళీ వంటింటి దాకా తిరిగేది. కాళ్ళు పీకితే పడుకుని చెవులకు పని చెప్పేది. ఏ కోడి ఎవరింటిదో, ఏ పడవ మోటారు ఎవరిదో, సముద్రం నుంచి పోటునీరు కాలవ దాటి వీధిలోకి ఎక్కే చప్పుడెలా ఉంటుందో, దిగే చప్పుడెలా ఉంటుందో అన్నీ ఆమెకు తెలిసిపోయాయి. నిద్రపట్టని మనిషికి ఊరంతా చెవుల్లోనే కాపురం ఉంటుంది.

అందుకే వంతెన అవతలి సందడి ఆమెను మోసం చెయ్యలేకపోయింది. పుట్టినరోజైతే పాట ఉండాలి. పాట లేకుండా నవ్వులు, నవ్వుల మధ్య పేకముక్కల టపటపలు, తెల్లవార్లూ కాఫీ గ్లాసుల్లో చెంచాల మోత. అది శవం ఉన్న ఇల్లు తప్ప మరొకటి కాదు.

“అది సిద్రా వాళ్ళ వీధి,” అంది మెనింగ్.

గంజిలో చెంచా ఆగిపోయింది.

“సిద్రానే కదూ?”

తోయాంగ్ తల దించుకుంది. “బట్టలారేస్తూ ఆరేస్తూ కూలిపోయిందట. గుండె. బాధపడలేదన్నారు.”

పక్కింటి రేడియోలో ఎవరో వానలొస్తాయని చెబుతున్నారు. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే మెనింగ్ తుడుచుకోలేదు. తర్వాత ఒక్కటే అడిగింది.

“మట్టి ఎప్పుడు?”

“ఎల్లుండి పొద్దున.”

“అయితే రేపు రాత్రి నేనక్కడ ఉండాలి.”

ఆ ‘ఉండాలి’ అన్న మాటకి ముప్ఫై ఏళ్ళ వయసుంది. బులకాన్ తీరంలో ఆ ఊళ్ళో చనిపోయిన మనిషిని మట్టికిచ్చేదాకా ఒంటరిగా వదలరు. పగలు వచ్చేపోయేవాళ్ళుంటారు. రాత్రయితే వాకిట్లో పేకాట బల్లలు పడతాయి. ఆడేవాళ్ళు మేలుకునే ఉంటారు కనుక పోయినవాళ్ళకి తోడూ అవుతుంది, ఇంటివాళ్ళకి గుండె ధైర్యమూ అవుతుంది. అయితే ఎంతటి ఆటగాడైనా ఒక వేళకి ముక్కలు సర్దేస్తాడు. ఆ తర్వాత తెల్లారేదాకా మిగిలే చివరి జాము అందరికీ బరువే. ఊళ్ళో ఎవరు పోయినా ఆ జాము మెనింగ్, సిద్రాలదే. ఇద్దరూ చేపలు పొగబెట్టి అమ్మేవాళ్ళు, ఎలాగూ ఆ వేళకి పొయ్యిలు రాజేసేవాళ్ళు. “వాళ్ళిద్దరూ వచ్చారు, ఇక మీరు నడుం వాల్చండి,” అని ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో అన్నారో.

అలాంటి ఒక రాత్రి, ఊరందరికీ నీతులు చెప్పిన ఒక పెద్దాయన శవం ముందు, నవ్వాపుకోలేక ఇద్దరూ తువ్వాళ్ళు నోట్లో కుక్కుకుని కూర్చున్నప్పుడు, సిద్రా మాట తీసుకుంది. “మనలో ఎవరు ముందు పోతే వాళ్ళ ఆఖరి రాత్రి చివరి జాము రెండోవాళ్ళది. బదులు మనిషిని పంపడాల్లేవు. కునుకు తీశావో, పెట్టెలోంచి లేచి మరీ గిల్లుతా.”

“ముందు పోయేది నువ్వే. ఎలా ఊరావో చూసుకో,” అంది మెనింగ్ అప్పుడు. ఆ మాట ఇప్పుడు చేపముల్లులా గొంతుకి అడ్డంపడింది.

“నువ్వు ఎక్కడికీ వెళ్ళవు,” అంది తోయాంగ్. “ఒంటి మీద గాయంతో శవం ఉన్న ఇంట్లో అడుగు పెడతావా? మానిన గాయం మళ్ళీ నోరు తెరుస్తుంది. అమ్మ కాలు మర్చిపోయావా? మావయ్య దగ్గర ఒక్క పూట కూర్చుంది. ఆ పుండు మళ్ళీ మానిందా?”

“అమ్మకి చక్కెర జబ్బు, ఆతె.”

“మావయ్య పోకముందు లేదా చక్కెర? అప్పుడెందుకు మానింది మరి?”

తోయాంగ్ వాదాలు బతికున్న పాలచేపల్లాంటివి, ఎటు పట్టుకున్నా జారిపోతాయి.

“డాక్టరమ్మ నడవమంది కదా.”

“నడవమంది. శవాల దగ్గరికి నడవమందా?”

“మాటిచ్చాను, ఆతె.”

“నువ్వు మాటిచ్చినప్పుడు నీ వెన్నులో ఇనుము లేదు. సిద్రా కూడా ఏమీ అనుకోదు. అనుకునే దశ దాటింది పాపం.”

మర్నాడు సాయంత్రం మెనింగ్ మంచం పక్కన చెయ్యి చాచితే పట్టీ తగల్లేదు. అక్క గదిలో బీరువా తాళం పడిన చప్పుడు అంతకుముందే వింది గానీ, అది తన నడుం కోసమే పడిందని అప్పుడు అర్థమైంది. కేకలేసింది. అన్నం వద్దంది. ఆఖరికి బతిమాలింది కూడా. ఆసుపత్రిలో అంత నొప్పిలోనూ ఎవరినీ బతిమాలని మనిషి బతిమాలుతుంటే తోయాంగ్ చెవులు మూసుకుని, గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుని పడుకుంది.

“తాళం చెవి ఎక్కడుందో చెప్పనా? నేను పోయాక నా రవికలో వెతుక్కో,” అంది అటు తిరిగి.

ఆ రాత్రి మెనింగ్‌కి కోత తర్వాతి మొదటి రాత్రి కంటే పొడుగ్గా గడిచింది. కుర్చీలు ఈడ్చారు. నవ్వారు. ఎవరో గెలిచి బల్ల గుద్దారు. తర్వాత ఒక్కొక్క గొంతే తగ్గి, వంతెన అవతల అంతా సద్దుమణిగింది. చివరి జాము మొదలైంది. అక్కడ సిద్రా దగ్గర ఎవరున్నారో! ఒక్క దగ్గు వినిపించింది. ఆ తర్వాత అదీ లేదు. మెనింగ్ ఇక్కణ్ణుంచే రెప్ప వాల్చకుండా కాపలా కాసింది. అయినా ఒప్పందం అది కాదని ఆమెకు తెలుసు. నిద్ర రాకపోవడం వేరు, మేలుకుని ఉండటం వేరు. మొదటిది ఇన్నాళ్ళూ ఆమె భరించింది. రెండోది ఆమె చేతులతో చెయ్యాల్సిన పని, ఆ పనికే తాళం వేశారు. ఇవాళ ఇది తప్పితే ఇక తను రోగి మాత్రమే, గంజి తాగించడానికి ఒక నోరు, దొర్లించడానికి ఒక దుంగ.

తెల్లవారుతుండగా నీటి చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడు కాదు. వీధి దాటి, మెట్లెక్కి, గుమ్మాన్ని నాకుతున్న చప్పుడు. అమావాస్య పోటుకి ఎగువ వాననీళ్ళు తోడయ్యాయి.

పొద్దెక్కాక పడవవాడు కార్యో వీధిలోనే గెడ వేసుకుంటూ వచ్చి, కిటికీ ముందు ఆగాడు. వీధి మునిగిన రోజుల్లో ఊళ్ళో కబుర్లన్నీ మోసేది అతనే.

“మట్టి వాయిదా పడింది! సమాధుల తోటలో నడుం లోతు నీళ్ళు. పెట్టె దింపితే తేలుతుందన్నారు ఫాదర్. రేపు పొద్దున పాటు తీసి నీళ్ళు దిగాకే.”

తోయాంగ్ శిలువ గుర్తు వేసుకుంది. మెనింగ్ మంచం మీద నుంచే గొంతెత్తింది. “కార్యో అన్నా! ఇవాళ రాత్రికి ఎవరున్నారక్కడ?”

కార్యో నీళ్ళు నమిలాడు. “ఎవరుంటారు? నిన్నే ఆఖరి రాత్రనుకుని అందరూ ఓపికంతా ఊడ్చి ఆడారు. ఇవాళ రమ్మంటే పెళ్ళాలు చీపుర్లు చూపిస్తున్నారు. సిద్రా కూతురు లిగాయా అయితే నిలబడే నిద్రపోతోంది. పొద్దున కాఫీ అనుకుని నాకు వేణ్ణీళ్ళిచ్చింది.”

మెనింగ్ ముఖంలో చాన్నాళ్ళ తర్వాత వెలుగొచ్చింది.

“విన్నావా, ఆతె? ఇది సిద్రా పనే. నేను రాలేదని మట్టికి పోనని భీష్మించుకుంది.”

“పిచ్చి వాగుడు వాగకు,” అంది తోయాంగ్. కానీ గొంతులో బెదురుంది. “అది మహా మొండిది.”

“నాకంటేనా?”

అంటూనే మెనింగ్ నేర్చుకున్న పద్ధతిలో దుంగలా పక్కకు దొర్లింది. మోచెయ్యి ఊతం చేసుకుని, కాళ్ళు కిందికి జార్చి, మంచం అంచున లేచి కూర్చుంది. నొప్పికి పెదాలు తెల్లబడ్డాయి. పాదాలు నేలకి ఆన్చి అక్కని చూసింది.

“నేను వెళ్తున్నాను. పట్టీతో వెళ్ళనా, పట్టీ లేకుండా వెళ్ళనా, అదొక్కటే నీ చేతిలో ఉంది.”

కార్యో కిటికీలోంచి తప్పుకుని ఆకాశం చూడసాగాడు. తోయాంగ్ విసవిసా లోపలికెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. పట్టీ తెచ్చి చెల్లెలి నడుముకి తనే చుట్టి, కోపమంతా ఆ బిగింపులోకి పోసింది.

“ఊపిరాడటం లేదు, ఆతె!”

“మంచిది. మాటలు తగ్గుతాయి.” గుడ్డలో కట్టిన వెల్లుల్లిపాయ ఒకటి పట్టీ లోపలికి, గాయం మచ్చ పక్కకి దోపింది. “ఇది తీశావంటే నా మీద ఒట్టు. రేపు తిన్నగా ఇంటికి రాకు. దారిలో ఎక్కడైనా ఆగి, చావుని అక్కడ దులుపుకుని రా. మర్చిపోయి నేరుగా వచ్చావో, గుమ్మంలోనే నిలబెడతాను. వెన్నెముక అని కూడా చూడను.”

సాయంత్రం కార్యో ఇంకో ఇద్దరు మనుషుల్ని తెచ్చుకుని పడవను మెట్లకి ఆనించి కట్టాడు. పలక వేసి, ప్లాస్టిక్ కుర్చీని పడవ మధ్యలో తాళ్ళతో బిగించాడు. మెనింగ్ నడక చట్రం పట్టుకుని పలక మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కింది. వీధిలోకి తిరగగానే గుమ్మాల్లో కూర్చుని చీపుళ్ళతో నీళ్ళు తోస్తున్నవాళ్ళు కేకలు మొదలుపెట్టారు.

“అచ్చం నది ఊరేగింపులో మేరీమాతలా ఉన్నావే మెనింగ్!”

“విగ్రహానికి ఇన్ని మరలుండవు!” అని అరిచింది మెనింగ్.

“నిద్ర పట్టిందా?”

“నీ మొగుడు గురక ఆపితే పడుతుందేమో! వంతెన దాకా వినిపిస్తోంది!”

వీధి వీధంతా నవ్వింది. ప్రతి నవ్వుకీ వెన్ను కలుక్కుమన్నా ఆమె ఆపలేదు.

సిద్రా ఇంట్లో ముందుగదిలో పెట్టె ఉంది. చుట్టూ విద్యుత్ దీపాలు, వాడిపోయిన పూలు. లిగాయా లేచి రాబోయి గోడ పట్టుకుంది.

“పిన్నీ! నువ్వెలా వచ్చావు? నీ గాయం...”

“గాయం సంగతి నాకొదిలెయ్. నువ్వు పడుకో. ఇక మేమిద్దరం ఉన్నాం.”

పాత అలవాటు కొద్దీ ‘ఇద్దరం’ అనేసింది. లిగాయా కాళ్ళు కిందికి వేలాడేసి బెంచీ మీద ఒరిగీ ఒరగకముందే నిద్రలోకి పడిపోయింది. వాకిట్లో మిగిలిన ఇద్దరు ముసలి ఆటగాళ్ళు నీళ్ళు పెరుగుతున్నాయని ముక్కలు బల్ల మీదే వదిలేసి, గొడుగు వేసుకుని వెళ్ళిపోయారు.

మెనింగ్ పెట్టె మీది అద్దంలోంచి స్నేహితురాలి ముఖం చూసింది. “ఎవరే నీకీ గులాబీరంగు పూసింది? బతికుండగా పూసుంటే చేపలు కొనేవాళ్ళు పారిపోయేవాళ్ళు.” కన్నీరు అద్దం మీద పడితే పోయినవాళ్ళకి దారి బరువవుతుందంటారు. వెంటనే తల వెనక్కి తీసుకుంది. “ఆలస్యమైంది. మా అక్క పట్టీకి తాళం వేసింది. సరేనా? ఇప్పుడొచ్చాను.”

ఎక్కువసేపు కూర్చుంటే మంట. అందుకని కాసేపు నిలబడింది, కాసేపు చట్రంతో పెట్టె చుట్టూ తిరిగింది. రెండు నెలలుగా రెప్ప పడని మనిషికి కాపలా ఒక లెక్కా అనుకుంది. చేతకాని జబ్బు అని అందరూ జాలిపడ్డది ఇవాళ ఊళ్ళో ఎవరి దగ్గరా లేని ఆస్తి అయి కూర్చుంది. కాస్త గర్వంగా కూడా ఉంది.

నీళ్ళు గడప దాటి వచ్చింది అప్పుడే. చప్పుడు లేకుండా, తడిగుడ్డ పరుచుకున్నట్టు, గచ్చు మీద పాకుతూ వచ్చాయి. మెనింగ్‌కి ముందు పాదాలు చల్లబడ్డాయి. తర్వాత కళ్ళు పెట్టె కిందికి వెళ్ళాయి. దీపాల తీగలన్నీ కలిపిన స్విచ్ పలక నేల మీదే ఉంది. నీళ్ళు దానికి జానెడు దూరంలో ఉన్నాయి. లిగాయా పాదాలు, చెప్పుల్లేకుండా, గచ్చు మీదే ఉన్నాయి.

వంగి తీసే పని కాదు. అరిచి లిగాయాని లేపితే, నిద్రమత్తులో ముందు ఆ నీళ్ళలోకే అడుగేస్తుంది. తీగ వెంట చూపు పరిగెత్తించింది. అది గోడ వెంట పైకి వెళ్ళింది. ఆ ఊళ్ళో పోటు భయానికి సాకెట్లు భుజం ఎత్తున పెడతారు. నీళ్ళు చేరని గోడవారనే చట్రం ఎత్తి వేసుకుంటూ, ఎత్తి వేసుకుంటూ వెళ్ళింది. తొందరపడితే కింద పడుతుంది, ఆలస్యం చేస్తే నీళ్ళు పలకని చేరతాయి. నడుం తిప్పకుండా మనిషి మొత్తం తిరిగి, చెయ్యి చాచి, ప్లగ్గు పట్టి పీకేసింది.

గది చీకటైంది. కాసేపటికి నీళ్ళు పలకని ముంచి, పెట్టె కింద పూలరేకుల్ని తేల్చుకుంటూ పోయాయి.

“చూశావా?” అంది మెనింగ్, గుండె దడ తగ్గాక. “వంగకుండా కూడా పనులవుతాయి.” లిగాయా భుజం మెల్లగా తట్టి, నిద్ర చెడకుండా కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకునేలా చేసింది. ఆ పిల్ల ఏదో గొణిగి అటు తిరిగింది. మెనింగ్ తడుముకుంటూ అలమరలోంచి అగ్గిపెట్టె తీసి రెండు కొవ్వొత్తులు వెలిగించింది. నిలబడింది.

అప్పుడు వచ్చింది నిద్ర.

రెండు నెలలు పాలతో పిలిస్తే రానిది, పాందాన్ ఆకులు పరిస్తే రానిది, జపమాలతో మొక్కితే రానిది, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చింది. కొవ్వొత్తి వెలుగు మెత్తగా ఉంది. పాదాల చుట్టూ నీళ్ళు జోలపాటలా ఊగుతున్నాయి. చల్లటి నీటికి మడమల మంట కూడా అణిగింది. రెప్పలు తేనెలో ముంచినట్టు బరువెక్కాయి. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్కటి, తల ముందుకు వాలింది.

ఉలిక్కిపడి తలెత్తింది. కోపం కాలి బొటనవేలి నుంచి లేచింది.

“ఇప్పుడా? ఇన్నాళ్ళూ ఎక్కడ ఊరేగావు? సిగ్గులేదూ! అవతల వరసలో నించో. నా పని అయ్యేదాకా నాకు నువ్వక్కర్లేదు!”

నిద్ర పోలేదు. భుజాల మీద చేతులేసి నిమిరింది. ‘పోనీ కుర్చీలో కాసేపు, ఒక్క కునుకు, ఎవరు చూస్తారు? నీ ఒంటికి అవసరం కదా,’ అంది, అచ్చం తోయాంగ్ గొంతుతో. నిజంగానే అవసరం. ఈ ఒక్క కునుకు కోసం ఆసుపత్రి పైకప్పుకి ఎన్ని మొక్కులు మొక్కిందో! మెనింగ్ కుర్చీని చట్రంతో తోసి గోడకి చేర్చింది. పట్టీ ఇంకొక్క బిగింపు బిగించింది. అది గుచ్చుకుని కడుపులో ఊపిరి ఆగింది. హాయిగా లేదు. హాయి వద్దనుకునే బిగించింది.

వాకిట్లో నీళ్ళ మీద ఎత్తుగా మిగిలిన పేకాట బల్ల కనిపించింది. దాన్ని ఈడ్చే వీల్లేక గుమ్మంలో నిలబడి చెయ్యి చాచి, ముసలాళ్ళు మర్చిపోయిన ముక్కలు తీసుకుంది. కిటికీ గట్టు ఛాతీ ఎత్తున ఉంది. దాని మీద రెండు వాటాలు పంచింది, ఒకటి తనకి, ఒకటి సిద్రాకి.

“మోసం చెయ్యను. నీ ముక్కలు నీ తరఫునే ఆడతాను.”

నిలబడి ఆడింది. సిద్రా గెలిచింది. మళ్ళీ పంచింది. మళ్ళీ సిద్రాయే.

“చచ్చి కూడా గెలుస్తావేమే! దయ్యమా!” అని మెనింగ్ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి నడుం నుంచి మెడ దాకా మెరుపు మెరిసినట్టు నొప్పి పాకింది. ఆ నొప్పిని ఆమె జీవితంలో మొదటిసారి మెచ్చుకుంది. “రా, నువ్వే కావాలి. గిల్లడానికి అది లేవలేదుగా, దాని బదులు నువ్వు గిల్లు.” రెప్ప వాలబోయినప్పుడల్లా మరలున్న చోటు తనే గిల్లింది. ఇన్నాళ్ళూ ఏ నొప్పి ఆమె నిద్రని దొంగిలించిందో ఆ నొప్పే ఇవాళ ఆమె తరఫున కాపలా నిలబడింది.

ముక్కలు వేస్తూ సిద్రాకి ఊరి కబుర్లన్నీ చెప్పింది. ఏ కోడి ముందు కూస్తుందో పందెం కట్టింది. నీళ్ళు ఎలా వచ్చాయో అలాగే, గడప మీదుగా జారిపోయాయి. గచ్చు మీద సన్నటి బురద, పూలరేకులు మిగిలాయి. కిటికీ అవతల ఆకాశం చేపపొలుసు రంగుకి తిరిగింది. పందెం వేసిన కోడే ముందు కూసింది.

“తెల్లారిందే,” అంది మెనింగ్ పెట్టెతో. “ఇక నీ దారిన నువ్వు పోవచ్చు.”

లిగాయా లేచి, ఆరిన దీపాలూ, నేల మీద బురదా, పీకేసిన ప్లగ్గూ ఒకటొకటే చూసింది. చెప్పులు వేసుకోబోయి తన పాదాలకేసి చూసుకుని, అక్కడే ఏడుస్తూ కూర్చుంది. మెనింగ్ ఆమె తల మీద చెయ్యి వేసి, “కాఫీ పెట్టు. ఈసారి పొడి వెయ్యి,” అంది.

పాటు పూర్తిగా తీశాక ఫాదర్ వచ్చారు. పెట్టె గుమ్మం దాటేటప్పుడు మెనింగ్ ఎవరి ఊతమూ లేకుండా నిటారుగా నిలబడింది. సమాధుల తోట దాకా రాలేదు, బురదలో చట్రం నిలవదు. వీధి మలుపు తిరిగి పెట్టె కనపడకుండా పోయేదాకా మాత్రం రెప్ప వాల్చలేదు. ఆ తర్వాత అక్క హెచ్చరిక గుర్తొచ్చింది. రెండిళ్ళ అవతల ఎత్తు అరుగు మీద రొట్టెల కొట్టుంది. అడుగులో అడుగు వేసుకుంటూ అక్కడికి చేరింది.

“ఏం కావాలి, ఆతె?” అంది కొట్టామె.

“చావు దులుపుకోవాలి. బెంచీ ఖాళీయేనా?”

పొద్దు బాగా ఎక్కాక కూడా చెల్లెలు రాకపోయేసరికి తోయాంగ్ బురదలో పడుతూ లేస్తూ వెతుక్కుంటూ వచ్చింది. తిట్లన్నీ వరసగా పేర్చుకునే వచ్చింది. కొట్టు ముందు చెక్క బెంచీ మీద మెనింగ్ పక్కకు ఒత్తిగిలి, పట్టీ బిగించింది బిగించినట్టే ఉండగా, నోరు తెరుచుకుని గురక పెడుతోంది. వీధిలో బండ్లు అరుస్తున్నాయి. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు ఆమె నెత్తి మీదుగానే బేరాలాడుతున్నారు.

తోయాంగ్ ముందుగా వంగి పట్టీ లోపల వేలు పెట్టి చూసింది. వెల్లుల్లి ఉంది. మచ్చ పొడిగా ఉంది. ఆమె మెల్లగా నిటారుగా లేచి, పేర్చుకొచ్చిన తిట్లన్నీ రొట్టెలు కొనేవాళ్ళ మీదికి మళ్ళించింది. “కేకలెందుకర్రా! చేతులతో చూపించండి, ఇస్తుంది. ఒరేయ్, ఆ కుర్చీ ఈడ్చావంటే నీ కాళ్ళిరగ్గొడతా!”

ఆ రాత్రి నిద్ర మళ్ళీ రాలేదు.

మెనింగ్ కాసేపు పైకప్పు రేకులు చూసింది. మడమలో మంట రాజుకుంది. వంతెన అవతల ఇవాళ కుర్చీలు లేవు, నవ్వుల్లేవు. ఆ నిశ్శబ్దం గుండెల మీద కూర్చోబోయింది. ఆమె దాన్ని కూర్చోనివ్వలేదు. దుంగలా దొర్లి, లేచి, చెయ్యి చాచింది. పట్టీ మంచం కోడుకే వేలాడుతోంది.

“ఎక్కడికే?” అంది పక్కగదిలోంచి తోయాంగ్.

“వంటింటి దాకా. నిన్న వచ్చినప్పుడు పొమ్మన్నానుగా, అలిగింది మహాతల్లి.”

“మళ్ళీ వస్తే?”

“పని లేకపోతే రానిస్తా,” అని మెనింగ్ పట్టీ బిగించుకుంది.